దుక్కిటెడ్లు – మూత్రాశ్మరి
గుంటూరు, ఒంగోలు రేగళ్లలో దుక్కిటెడ్లకు నానిన పత్తిగింజలు రుబ్బి పెట్టుట పాతకాలపు వాడుక. బలమునకు మేలే; కాని ఆ గింజలో భాస్వరము హెచ్చు, సున్నము తక్కువ. మేతలో అది మితిమీరి, త్రాగునీరు చాలనిచో మూత్రమున రాళ్లు కట్టును.

దీనికి తోడు విత్తులు కొట్టుట. పూర్వము కర్రలతో నులిమెడివారు. ఇరువదవ శతాబ్దిలో బర్డిజో పట్టకారు వచ్చినది. సాధనము మారినది గాని ఫలమొక్కటే: లేతప్రాయమున కొట్టినచో పురుష హార్మోను కొరవడి మూత్రనాళము సన్నముగనే నిలిచిపోవును. రాయి దాని వంపులో చిక్కుకొనును. ఆవునకు ఈ గండము అరుదు.

రక్తమునందు, మూత్రమునందు భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ఫిస్కేతో కలసి ప్రకటించినది భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావే! మేతకును రాతికిని గల సంబంధమును తరచి చూచుటకు అట్టి కొలత లేక సాగదు.

మూలుగుచు చుక్కలుగా మూత్రము విడుచు ఎద్దునకు తరచు శస్త్రచికిత్సయే శరణ్యము. ఆలసించినచో మూత్రాశయము పగులును.