మోదెనాలో ముంగిస

ఇటలీలోని మోదెనాలో 1967 నుంచి 1971 దాకా ఒక కారు తయారైంది. అన్నీ కలిపి 401. నడిపేవాళ్ళ వీపు వెనక, వెనక చక్రాల ఇరుసుకి ముందు ఇంజన్ పెట్టుకున్న తొలితరం ఇటాలియన్ రోడ్డు కార్లలో అదొకటి. తయారుచేసింది దె తొమాసో కంపెనీ. కారు పేరు మంగుస్తా. ఇటాలియన్‌లో ఆ మాటకి అర్థం ముంగిస. చెవికి తెలిసిపోతూనే ఉంది, మాట కూడా ఆ ముంగిసే.

ఇటాలియన్ మంగుస్తా ఫ్రెంచి మంగూస్త్ నుంచి, అది పోర్చుగీసు మంగుస్తో నుంచి, అది మరాఠీ ముంగూస్ నుంచి వచ్చాయని నిఘంటువులు చెబుతాయి. యూరప్ నిఘంటువులు చాలావరకు మరాఠీ దగ్గరే ఆగిపోతాయి. 1886లో వెలువడిన హాబ్సన్-జాబ్సన్ కోశంలో హెన్రీ యూల్, ఏ.సీ. బర్నెల్ మాత్రం ఇంగ్లీషు మంగూస్‌కి మూలం తెలుగు ముంగిస అని రాశారు. బర్నెల్ మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసినవాడు, దక్షిణాది లిపుల మీద పుస్తకం రాసినవాడు. ఆ మాట తేలిగ్గా అని ఉండడు. అయినా ఇందులో మన వాటా ఎంతో సరిగ్గా తూచుకోవాలనిపిస్తుంది.

తెలుగులో ముంగి, ముంగిస రెండూ ఉన్నాయి. కన్నడంలో ముంగి, ముంగిలి, ముంగిసి. తుళులో ముంగి, ముంగులి. అన్నిట్లోనూ కదలకుండా ఉన్న ముక్క ముంగి. స, సి, లి చివర చేరినవి. మరాఠీకి వెళ్ళింది సకారం ఉన్న రూపం. ఉత్తరాది భాషల తీరు వేరు. సంస్కృత నకులం నుంచి హిందీకి నేవ్‌లా వచ్చింది. మరాఠీ ఆ వరస పట్టుకోకుండా దక్షిణాది మాట ఎత్తుకుంది. తెలుగూ కన్నడమూ రెండూ దానికి ఇరుగుపొరుగే, రెంటిలోనూ సకారపు రూపం ఉంది. అందుకని ఈ మాటని తెలుగు కన్నడాల ఉమ్మడి ఆస్తి అనడమే న్యాయం. ఒక్క తెలుగు పేరే రాసుకుంటే పక్కింటివాళ్ళ పొలం కలిపేసుకున్నట్టే.

ఈ పరుగులో తమిళం కూడా గెలిచి ఉండేదే. గోవాలో 1563లో అచ్చయిన గార్సియా ద ఓర్తా మందుమొక్కల గ్రంథంలో ముంగిసకి ఉన్న పేరు కీరిపిళ్ళై. అది తమిళం. ఆ పేరు యూరప్‌లో నిలవలేదు. ఇంగ్లీషులో 1698లో అచ్చయిన జాన్ ఫ్రయర్ యాత్రాగ్రంథం నాటికే మంగూస్ కనబడుతుంది. పోర్చుగీసు వాళ్ళు కాపురమున్న గోవా, మరాఠీ కొంకణి మాటలు నిత్యం వినబడే చోటు. ఆ రేవులో వినబడిన రూపమే ఓడెక్కింది. మొదటి ఉకారం అకారమైంది. తకారం ఎక్కడా మన మాటలో లేదు, అది సముద్రం అవతల తగిలింది. ఫ్రెంచి చేరాక స్త్రీలింగమైంది.

అదే ఓడల మీద ఇటు నుంచి అటు ముంగిస వెళ్తే, అటు నుంచి ఇటు కోబ్రా వచ్చింది. లాటిన్ కొలుబ్ర నుంచి పుట్టిన పోర్చుగీసు కోబ్రాకి వట్టి పాము అనే అర్థం. మన నాగుపాముని చూసి వాళ్ళు పడగపాము అనే అర్థంలో కోబ్రా ద కపెలో అన్నారు. తర్వాత ప్రపంచం పడగని వదిలేసి, ఆ పాము ఒక్కదానికే కోబ్రా అని పేరు పెట్టుకుంది. పాముకి వాళ్ళ మాట, ముంగిసకి మన మాట. మన వీధుల్లో తరతరాలుగా పోట్లాడుతున్న జంట ఇలా రెండు నిఘంటువులు పంచుకుని ప్రపంచమంతా తిరిగింది.

ఆ జంట మళ్ళీ ఎదురుపడింది 1960లలో, కార్ల పేర్లుగా. అమెరికన్ కారల్ షెల్బీ 1962లో ఇంగ్లండు ఏసీ కంపెనీ తేలికపాటి కారులో ఫోర్డ్ వీ8 ఇంజన్ పెట్టి దానికి కోబ్రా అని పేరు పెట్టాడు. బ్యూనస్ ఎయిరీస్‌లో 1928లో పుట్టి, 1955లో ఇటలీ చేరి, 1959లో మోదెనాలో సొంత కంపెనీ పెట్టిన అలెహాంద్రో దె తొమాసోతో కలిసి షెల్బీ ఒక రేసుకారు మొదలుపెట్టాడు. బాడీ డిజైన్ పీటర్ బ్రాక్‌ది. నడుమలోనే షెల్బీ ఆ పని వదిలి ఫోర్డ్ జీటీ40 మీదికి వెళ్ళిపోయాడు. మిగిలిపోయిన ఆ రేసుకారు చట్రం ఆలోచన నుంచే దె తొమాసో రోడ్డు కారు చేశాడనీ, కోబ్రాని చంపేది ఏదో ఆ పేరే దానికి పెట్టాడనీ కార్ల చరిత్ర రాసేవాళ్ళు చెబుతూ వస్తున్నారు. కథ నిజమైతే, యూరప్‌లో కొత్త కారుకి పెట్టిన ఆ పేరులో మన వైరం చెక్కుచెదరకుండా ఉంది. మాటల రూపాలు మారతాయి. ముంగిస అనగానే పాము తలపుకి రావడం మాత్రం మోదెనా దాకా మారలేదు.

ఆ ముంగిసకీ పాముకీ గుండె ఒకటే. యూరప్‌లో అమ్మిన మంగుస్తాలో ఉన్నది కోబ్రాలో ఉన్నటువంటిదే, ఫోర్డ్ 289, 4.7 లీటర్ల వీ8. అమెరికాకి వెళ్ళిన వాటిలో 302. దాని వెనక జర్మనీ జెడ్ఎఫ్ వారి అయిదు గేర్ల పెట్టె. బాడీ గీసింది ట్యూరిన్‌లోని గియా సంస్థలో పనిచేస్తున్న జోర్జెత్తో జుజారో. 1966 ట్యూరిన్ షోలో దీన్ని చూపించారు. అదే షోలో ఆయన గీసిన మసెరాతీ గిబ్లీ కూడా ఉంది. గిబ్లీ లిబియా ఎడారి గాలి పేరు, అరబ్బీ మాట. ఒక్క ఏడాది ఒక్క చేతి నుంచి వచ్చిన రెండు ఇటాలియన్ కార్ల పేర్లూ పుట్టింది ఇటలీలో కాదు.

మంగుస్తా ఎత్తు 110 సెంటీమీటర్లు, దాదాపు మనిషి నడుమంత. ఇంజన్ చూడాలంటే మధ్య గీతకి బిగించిన రెండు మూతలు రెక్కల్లా పైకి లేస్తాయి. అంత అందమైన మూత ఇంకే కారుకీ లేదని నా నమ్మకం.

ఇంజన్ మధ్యలో పెట్టడంలో ఉద్దేశం చురుకుదనం. బరువంతా నడుమకి చేరితే బండి మూల తిరగడానికి ఎక్కువ కష్టపడదు. ముంగిస గెలిచేది కూడా అలాగే, పాము కాటు వేసే లోపల పక్కకి తప్పుకుని. అయితే దె తొమాసో మొదటి రోడ్డు కారు వల్లెలుంగాలో ఉన్నది ఫోర్డ్ కార్టినా వాడిన 1.5 లీటర్ల చిన్న ఇంజన్. ఆ బరువుకి మధ్యలో వెన్నెముక లాంటి ఒకే ఒక్క ఉక్కుపెట్టె సరిపోయింది. మంగుస్తాలో అదే పద్ధతికి మూడు రెట్లు పెద్దదైన ఇనుప వీ8 తగిలించేసరికి బరువులో దాదాపు మూడింట రెండు వంతులు వెనక చక్రాల మీద పడింది. వెన్నెముక మెలితిరిగేది. మూలమలుపుల్లో వెనక భాగం జారిపోతుందని నడిపినవాళ్ళు భయపడేవారు. రూపం, పేరు ముంగిసవి. ఒడుపు మాత్రం రాలేదు. నాకు ఈ కారంటే ఎంత ఇష్టమున్నా ఇది దాచడానికి వీల్లేదు.

దాని తర్వాత వచ్చిన పాంతెరాలో జంపావొలో దల్లారా వెన్నెముక పద్ధతి తీసేసి, బాడీ మొత్తమే బరువు మోసే ఉక్కు గుల్ల చేశాడు. ఏడువేలకి పైగా అమ్ముడుపోయింది.

మంగుస్తా పేరు ఇంకోసారి తిరిగొచ్చింది. 1996లో దె తొమాసో బిగువా అనే కారు చూపించాడు. బిగువా దక్షిణ అమెరికా నీటికాకి. దాన్ని తయారుచేయడానికి పూనుకున్న అమెరికన్ క్వాలీ కుటుంబం మోదెనాలోనే కర్మాగారం పెట్టి, పాత పేరు తెచ్చి మంగుస్తా అని అమ్మింది. అందులో ఇంజన్ ముందుంటుంది.