వంటింటి చరిత్ర – 5: లోహపు బిందె, కరెంటు మీటరు



పోయిన నెలంతా మా ఇంట్లో ఒకటే గొడవ. మిక్సీ మార్చాలా, ఫ్రిజ్ కొనాలా, గ్యాస్ పక్కన ఇండక్షన్ పొయ్యి పెట్టాలా? మాది పోలవరం మండలం పట్టిసీమ. అందరికంటే గట్టిగా మాట్లాడింది మా పిన్ని. చాలా ఏళ్లు కువైట్‌లో ఇంటిపని చేసొచ్చిన మనిషి. ఓవెన్, డిష్‌వాషర్, పెద్ద పెద్ద ఫ్రిజ్‌లు అన్నీ ఆమె చేతుల మీద నడిచాయి, ఒక్కటీ ఆమెది కాదు. గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్ వంటిళ్లకు వెళ్లిన ఆడవాళ్లలో మన పేటలవాళ్లు ఎంతమందో మీకు చెప్పక్కర్లేదు. ఆవిడ అన్నమాట: "ముందు మీటరు చూడ్రా, తర్వాత కొట్టుకెళ్దాం."

నాకు వెంటనే 1935 గుర్తొచ్చింది. ఆ ఏడాది నవంబరులో అహ్మదాబాద్ జిల్లా జాను గ్రామంలో కాస్త కలిగిన అంటరాని కుటుంబాల ఆడవాళ్లు లోహపు బిందెలతో నీళ్లకు వెళ్లారు. అంతే. తమ మర్యాద పోయిందని పై కులాలవాళ్లు వాళ్ల మీద పడి కొట్టారు. 1936 ఏప్రిల్‌లో జైపూర్ సంస్థానంలోని చక్వారాలో ఒకాయన తీర్థయాత్ర నుంచి వచ్చి తనవాళ్లకు నేతితో విందు పెడితే, కర్రలతో వచ్చి ఆ విందు చెడగొట్టారు. అంబేద్కర్ ఈ రెండు ఘటనల్నీ 'కుల నిర్మూలన'లో రాశారు. బిందె ఏ లోహంతో చేసిందో, కూరలో ఏం పడిందో కూడా ఊరు నిర్ణయించేది. మన వంటింటి సామాను చరిత్ర రాయాలంటే ముందు రాయాల్సింది ఇదే.

రోలూ రోకలీ సంగతికొద్దాం. కామందుల పెరళ్లలో వడ్లు దంచిన రోజుల గురించి మా నాన్నమ్మ చెప్పేది. రోలు వాళ్లది, పోటు మనది. బియ్యం లోపలికి వెళ్లేవి, మనకి నూకలూ తవుడూ. మిల్లులొచ్చాక ఆ కూలీ కూడా పోయింది. 1934 చివర్లో గాంధీ గారి అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం పుట్టి దంపుడు బియ్యాన్ని నెత్తికెత్తుకుంది. ఇప్పుడు అవే దంపుడు బియ్యం ఆరోగ్యమని ఎక్కువ ధర పెట్టి కొంటున్నారు. తినండి, మంచిదే. కానీ రోకలి మీద బెంగ పెట్టుకున్నవాళ్లలో రోకలి పట్టినవాళ్లు నాకు ఒక్కరూ కనబడలేదు. రుబ్బురోలు దగ్గర గంటలు కూర్చున్న మా అమ్మకి మిక్సీ అంటే విలాసం కాదు, నడుముకి విశ్రాంతి.

ఆ మిక్సీకీ ఒక కథ ఉంది. విదేశీ మిక్సర్ల మోటార్లు మన మసాలాలకి, మినప్పిండికి తట్టుకోలేకపోతే, సత్యప్రకాశ్ మాథుర్ అనే ఇంజనీరు 1960ల్లో సుమీత్ మిక్సీ తయారుచేశాడు. ఇంట్లో వాళ్లావిడ మిక్సర్ పాడవడంతో మొదలైందంటారు. అది మన పేట గడప తొక్కడానికి ఇంకా చాలా కాలం పట్టింది. ముందు మన గోడకి మీటరు రావాలిగా! గ్యాస్ కూడా అంతే. 1999లో దీపం పథకం కింద పేద ఆడవాళ్లకి కనెక్షన్లు ఇచ్చారు. బండ నింపించుకోడానికి డబ్బు లేక కట్టెల పొయ్యి మాత్రం ఆరలేదు. ఏడాదికి మూడు బండలు ఉచితమని దీపం-2 వచ్చింది 2024లో.

ఇక మీటరు. ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు నెలనెలా ఉచిత కరెంటు పరిమితిని 2019లో 200 యూనిట్లకు పెంచారు. పోరాడి తెచ్చుకున్న ఉపప్రణాళిక కాలం నుంచి వస్తున్న హక్కది, దయ కాదు. పిన్నీ నేనూ కాగితం మీద లెక్కేశాం. 750 వాట్ల మిక్సీ రోజూ పావుగంట తిరిగితే నెలకి ఆరు యూనిట్లు కూడా కాదు. 700 వాట్ల రైస్ కుక్కర్ అరగంటకి పది, పదకొండు. 75 వాట్ల ఫ్యాన్లు రెండు, రోజుకి పన్నెండు గంటలు తిరిగితే 54. ఇండక్షన్ పొయ్యి 2,000 వాట్లు, గంట వాడితే రోజుకి రెండు, నెలకి 60. ఫ్రిజ్ కొనేటప్పుడు తలుపు మీద స్టార్ల లేబుల్ చూడండి, ఏడాదికి ఎన్ని యూనిట్లో దానిమీదే ఉంటుంది, 12తో భాగించుకోండి. వీటికి టీవీ, లైట్లు, ఎండాకాలం కూలర్ కలిస్తే 200 ఎంతో దూరం లేదు. ఆ లెక్కన ఇండక్షన్ పొయ్యి పక్కకి పోయింది, ఫ్రిజ్ నిలబడింది.

అదే 2019లో నవశకం పేరుతో పథకాలకి అర్హతలు పెట్టారు. అందులో ఒకటి, నెలకి 300 యూనిట్లు దాటకూడదు. అంటే ఎవరు పేదో మీటరు చెబుతుంది. ఉమ్మడి కుటుంబంలో ఇద్దరు కోడళ్లు, ఒకే మీటరు, రెండు ఫ్రిజ్‌లు ఉంటే ముసలమ్మ పింఛను గురించి భయం పట్టుకుంటుంది. ఇక ఊళ్లో మాటలు వినాలి: "ఫ్రిజ్ ఉన్నోళ్లకి రేషన్ కార్డెందుకండీ?" ఈ ప్రశ్న అడిగేవాళ్లు తమ ఉచిత వ్యవసాయ కరెంటు గురించి ఎప్పుడూ అడగరు. జానులో బిందె వైపు చూసిన చూపు ఇదే. కర్ర లేదు, దరఖాస్తు ఫారం ఉంది.

పట్టిసీమ ఎత్తిపోతల మా ఊరి పేరు రాష్ట్రమంతా మోగించింది. 24 పంపులు గోదావరిని కృష్ణకి తోడతాయి. వాటి యూనిట్ల గురించి ఊళ్లో ఎవరూ ఆరా తీయరు.

మీ పేటలో మొదటి మిక్సీ ఎవరింటికొచ్చింది, మొదటి ఫ్రిజ్ ఎవరు కొన్నారు, ఆరోజు ఊళ్లో ఎవరేమన్నారు? అమ్మమ్మల్ని, నాన్నమ్మల్ని అడిగి రాసి పెట్టుకోండి. ఆరో భాగం వాటి మీదే.