వేలమున కెక్కిన ఆటగాని బొమ్మ

బహిరంగముగ ధర పలికించి వస్తువు నమ్ముటను మనము వేలమందుము. తమిళులు ఏలమనియు, మరాఠీలు లిలావనియు, ఒడియావారు నీలామనియు నందురు. వీనికెల్ల మూలము పోర్చుగీసువారి ‘లెయిలావ్’ శబ్దమని భాషావేత్తలు చెప్పుదురు. అట్టి పాటలలో నేడు అమెరికా దేశమున ఆటగాండ్ర బొమ్మలుగల చిన్న అట్టముక్కలు లక్షలాది డాలర్లు పలుకుచున్నవి. ఆ చరిత్రము మన కుటుంబములవారికిని ఉపయోగపడునని తలంచి యిచట విన్నవించుచున్నాము.

1909 మొదలు 1911 వఱకు అమెరికన్ టొబాకో కంపెనీ వారు సిగరెట్టు పెట్టెలలో బేస్‌బాల్ ఆటగాండ్ర బొమ్మల నుంచి యమ్మిరి. వారిలో హోనస్ వాగ్నరు పిట్స్‌బర్గు జట్టున మేటి. ఆయన సమ్మతింపకపోవుటచే ఆ బొమ్మ యచ్చు నిలిచిపోయెను. బాలురు పొగాకు కొందురను వెఱపుచే నని కొందఱును, ప్రతిఫలము ముట్టనందున నని కొందఱును కారణము చెప్పుదురు. ఏమైనను నేటికి మిగిలినవి 60 లోపే.

అందొకటి 1991లో న్యూయార్కు సోద్‌బీ వారి వేలమున 4,51,000 డాలర్లకు పాడబడెను. ఐస్ హాకీ వీరుడు వేన్ గ్రెట్జ్‌కీ తన భాగస్వామితో గూడి దానిని కొనెను. అదియే 2007లో 28 లక్షల డాలర్లకు అమ్ముడుపోయెను. 2022 ఆగస్టులో మిక్కీ మాంటిల్ అను ఆటగాని 1952 నాటి బొమ్మ 1 కోటి 26 లక్షల డాలర్లు పలికెను. దానిని ముద్రించినది టాప్స్ అను చూయింగ్ గమ్ కంపెనీ.

ఈ పాటలలో ఎఱుగవలసిన మర్మములు రెండు. హెచ్చుపాట మీద వేలము సంస్థకు కొనువాడు వేరుగ రుసుము చెల్లింపవలెను.  ఇక మూలలు మాయక, అంచులు చెదరక యున్న ముక్కకు పరీక్షకులు పదింట హెచ్చు మార్కు లిత్తురు. ఆ మార్కును బట్టియే ధర పెరుగును.

ఆశ యచటనే మోసమునకు దారితీసెను. గ్రెట్జ్‌కీ కొన్న ముక్కకు పదింట ఎనిమిది మార్కులు వచ్చినవి. అయితే దాని యంచులను తానే కత్తిరించితినని వేలము వ్యాపారి బిల్ మాస్ట్రో 2013లో న్యాయస్థానమున నొప్పుకొనెను. తన సంస్థ వేలములలో దొంగపాటలు పాడించి ధరలు పెంచినట్లును అంగీకరించెను. 2015లో ఆయనకు 20 నెలల కారాగారశిక్ష పడెను.

మన తెలుగువారు ప్రవాసమున నుండియు క్రీడలలో కీర్తి గడించిరి. నాగపురమున స్థిరపడిన తెలుగు కుటుంబమున 1895లో జన్మించిన సి.కె. నాయుడుగారు 1932లో లార్డ్సు మైదానమున భారతదేశపు మొదటి టెస్టుకు నాయకులైరి. అట్టివారి కాలపు ఛాయాచిత్రములు, టిక్కెట్లు, కార్యక్రమపత్రములు మన పెట్టెలలో నుండవచ్చును. వానిని కత్తిరింపకుడు, జిగురుతో నంటింపకుడు, పాతకాగితములవానికి తూకమున వేయకుడు. ఎవరివో, ఏనాటివో పెద్దలుండగనే యడిగి వేఱొక కాగితమున వ్రాసి జతపఱచుడు. ధర పలికినను పలుకకున్నను, పరభాషాప్రాంతములలో మన పెద్దలు బ్రదికిన తీరునకు అవియే సాక్ష్యములు.