చెర్రీపండు, వాక్కాయ, షర్బతు

రోహిణీకార్తె ఎండలు మండుచున్న దినములలో జూబిలీ హిల్స్, ఫిలింనగర్ వీథులలోని పండ్ల అంగళ్ళయందు ఎఱ్ఱని చెర్రీపండ్లు చిన్నచిన్న పెట్టెలలో కనబడును. ఇవి ఈ ప్రాంతపు పండ్లు కావు. కాశ్మీరమున మే నెల నడుమ మొదలై జూలై వరకు కాయు పండ్లు. ఇంటికి తెచ్చిన నాలుగు దినములకే మెత్తబడి, తొడిమ వద్ద నల్లబారును. అందుచేత మా ఇంట సగము పండ్లు పిల్లలకు పెట్టి, మిగిలినవి చక్కెరతో కలిపి షర్బతుగా సీసాలకెక్కించు అలవాటు కొన్నేండ్లుగా సాగుచున్నది.

ఒక యేడు పండ్లలో గింజలు తీయుచుండగా మా మనుమడు ప్రక్కన కూర్చుండి, “తాతయ్యా, బన్నులో చెర్రీ ఇట్లా ఉండదే! దానికి గింజ లేదు, ఈ రుచీ లేదు. ఏది నిజం చెర్రీ?” అని అడిగినాడు. పిల్లవాని ప్రశ్న చిన్నదే. జవాబు చెప్పబోయి మేము చాల దూరము పోవలసివచ్చినది.

మొదట షర్బతు మాట చూతము. అరబ్బీ భాషలో ‘త్రాగుట’ అను అర్థముగల ధాతువునుండి షర్బతు పుట్టినది. అదే ధాతువునుండి షరాబు కూడ పుట్టినది. ఆ మాటయే లాటినులో ప్రవేశించి, రూపు మార్చుకొని, నేడు మన మందుల షాపులలో సిరపు అయి కూర్చున్నది. దగ్గుమందు, పెండ్లివిందులోని తీపి పానీయము, కల్లంగడిలోని సారా ఒకే ఇంటి బిడ్డలన్నమాట. ఫిలింనగరు వాసులకు ఈ చుట్టరికము వింతగా తోచదు. తెరమీద కథానాయకుడు తూలుచు ఎత్తిన గ్లాసులో షరాబు పేరిట ఉండునది చాలమట్టుకు రంగునీళ్ళో, షర్బతో అని వారెరుగుదురు.

మాట పరదేశమునుండి వచ్చినంతమాత్రమున పని కూడ పరదేశపుదనుకొనరాదు. పండ్లరసపు పానకములు మనకు కడు ప్రాచీనములు. బౌద్ధుల వినయపిటకమున, మహావగ్గమందు, భిక్షువులు మధ్యాహ్నము దాటిన పిదప కూడ పుచ్చుకొనదగిన పానకములు ఎనిమిది చెప్పబడినవి. వానిలో మామిడి, నేరేడు, అరటి, ద్రాక్ష ఉన్నవి; ‘ఫారుసక’ మనునదియు నున్నది. సంస్కృతమున పరూషకము, సుశ్రుతసంహితలో ఒక ఓషధిగణమునకే పేరిచ్చిన పండు, ఇదే. నేడు హైదరాబాదు పాతబస్తీలో ఏప్రిలు, మే నెలలయందు తట్టలలో పోసి అమ్ము ఫాల్సాపండు అదియే. అమరావతి, నాగార్జునకొండ విహారములలోని భిక్షువులు పాటించిన నియమములలో ఈ ఫాల్సాపానకపు అనుమతియు నొకటియై యుండును గదా అని తలచుకొనినప్పుడు, చార్మినారు చెంత ఆ తట్ట ముందు నిలుచుండుట మాకు మరొక విధముగా తోచును.

పండ్రెండవ శతాబ్దమున కల్యాణి చాళుక్యరాజగు మూడవ సోమేశ్వరుడు రచించిన ‘మానసోల్లాసము’ రాజభోగములను వర్ణించుచు పానకములకు కూడ చోటిచ్చినది. మన కాకతీయులు ఆ చాళుక్యులకు సామంతులుగా ఉండి తలయెత్తినవారే. ఇక మంగళగిరి పానకాలస్వామి మాట చెప్పనక్కరలేదు. బిందెడు బెల్లపుపానకములో సగము పుచ్చుకొని సగము భక్తునికి విడుచు దేవుడు తెలుగుదేశమున గాక మరెక్కడ వెలయును! రాయలసీమలో సుగంధిపాల వేళ్ళతో చేయు నన్నారి షర్బతు నేటికిని వేసవి దప్పికకు పెట్టినది పేరు.

పాతదానికిని కొత్తదానికిని గల భేద మేమనగా, పానకము అప్పటికప్పుడు కలిపి త్రాగునది, షర్బతు నిలువయుండునది. ఈ నిలువచేయు విద్యను యునానీ హకీములు బాగుగా పెంపొందించిరి. వారికి షర్బతు మందే. కంఠపు మంటకు నల్లని షహతూతు షర్బతు, దగ్గుకు ఉన్నాబు షర్బతు వాడెడివారు. 1591లో హైదరాబాదు నగరమును నిర్మించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా నాలుగేండ్లలోనే, 1595లో, దారుల్‌షిఫా అను వైద్యాలయమును కట్టించెను. ఆ పేట కా పేరు నేటికిని నిలిచినది. మందుగా పుట్టిన షర్బతు విందులోనికి జారుటకు ఎంతో కాలము పట్టలేదు. 1906లో ఢిల్లీలో హమ్‌దర్ద్ వైద్యశాలను స్థాపించిన హకీం హాఫిజ్ అబ్దుల్ మజీదు వేసవి తాపమునకు మందుగా రూపొందించిన రూహ్ అఫ్జా, ఈనాడు రంజాను సాయంత్రములందు మన నగరపు బల్లలమీద చూడుడు, మందువలె కనబడునా?

చెర్రీపండు సంగతి మరింత చిత్రము. రోమను సేనాని లుకుల్లస్ క్రీస్తునకు పూర్వము మొదటి శతాబ్దమున నల్లసముద్రపు తీరమునుండి ఈ చెట్టును రోముకు తెచ్చెనని ప్లినీ వ్రాసినాడు. ఆ తీరపు కెరాసుస్ పట్టణమును, ఇప్పుడు తుర్కీలోని గిరేసున్‌ను, పండు పేరుతో ముడిపెట్టుట వాడుక. తుర్కీలో, ఇరానులో పుల్లని చెర్రీతో చేయు షర్బతు నేటికిని ఇంటింటి పానీయము. పారసీకమున తియ్యని చెర్రీని గీలాస్ అందురు. 1586లో అక్బరు కాశ్మీరమును జయించుటకు ముందు అచ్చట ఈ చెట్లు లేవనియు, మహమ్మద్ కులీ అఫ్షార్ అనునాతడు కాబూలునుండి తెచ్చి నాటెననియు జహంగీరు తన ఆత్మకథలో వ్రాసికొన్నాడు. గీలాస్ అను పేరు బల్లికి గల ఒక పేరును పోలియుండుటచే, అక్బరు దానిని మార్చి ‘షాఆలూ’ అని పిలిపించెనట! పండు తినబోవుచు బల్లిని తలచుకొన నొల్లని ఆ పాదుషాపై మాకు గౌరవము కలిగినది. అయినను ప్రజలు పాదుషా మాట వినలేదు. కాశ్మీరమున నేటికిని అది గీలాసే.

ఈ చెట్టు దక్కనున ఏల కాయదు? చెర్రీమొగ్గ విచ్చుటకు ముందు శీతకాలమున సుమారు వేయి గంటలపాటు ఏడు డిగ్రీల సెంటిగ్రేడుకు లోబడిన చలి కావలెను. హైదరాబాదు చలికాలమంతయు కూడబెట్టినను అందులో స్వల్పభాగమైన దొరకదు. కనుక ఆ పండు మనకు ఎల్లప్పుడును అతిథియే.

అతిథి పండైనను, ఇంటి పండైనను, షర్బతు కావలెనన్న చక్కెర కావలెను. ఒకప్పుడు మన దేశమునకు తెల్లచక్కెర విరివిగా జావాద్వీపమునుండి వచ్చెడిది. 1932లో స్వదేశపు చక్కెర పరిశ్రమకు రక్షణ కల్పించు చట్టము వచ్చిన పిదప ఇచ్చట మిల్లులు వేగముగా పెరిగెను. నిజాము రాజ్యమున బోధనులో 1937లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ వెలసినది. దాని చుట్టు పెరిగిన ఊరికి శక్కర్‌నగర్ అనియే పేరు. మంజీరా నీటి పారుదలతో పండిన చెరకు అచ్చట చక్కెర అయ్యెను. నవాబుల మహలులలోను హకీముల కొట్లలోను తిరిగిన షర్బతు సామాన్య గృహస్థుల వంటింటికి వచ్చుటలో ఇట్టి మిల్లులకు గల పాత్ర, పాకశాస్త్రములు వ్రాయువారు సాధారణముగ చెప్పరు. ఆ బోధను ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడినది. కూలీలు, చెరకురైతులు పడిన బాధ వేరొక ప్రసంగమునకు తగిన విషయము.

ఇక మా కొండల మాట. బంజారాహిల్సును దాటినచో అంతయు రాళ్ళే. కోట్ల యేండ్లనాటి గ్రానైటు గుండ్లు, వాని సందులలో సీతాఫలపు పొదలు. 1960 దశకమున సహకార గృహనిర్మాణ సంఘమువలన జూబిలీ హిల్సు ఊరుగా రూపొందసాగెను. 1976లో అన్నపూర్ణా స్టూడియోస్ ప్రారంభమైనది. మద్రాసులో స్థిరపడిన తెలుగు చలనచిత్ర పరిశ్రమ మెల్లమెల్లగా ఇటు తరలి, ఫిలింనగరు ఏర్పడినది. వచ్చినవారిలో పెక్కుమంది కృష్ణా, గుంటూరు, గోదావరి మండలములవారు. వారితోకూడ వారి వంటలును వచ్చినవి. ఆ వంటలలో వాక్కాయ పప్పు, వాక్కాయ పులిహోర ఉన్నవి.

వాక్కాయ ముళ్ళపొద. పొలముల గట్లకు కంచెగా పెంచుదురు. కోసినచో పాలు కారును. లేతకాయ తెలుపు, గులాబి కలసి చెంపవలె నుండును. పండినచో నల్లని ఊదారంగు. సంస్కృతమున కరమర్దకము. తెలంగాణములో పిల్లలు గుట్టలవెంట ఏరుకొని తిను కలివిపండ్లు దీనికి దగ్గరి చుట్టములు. తొలకరి తర్వాత బజారునకు వచ్చును. పులుపు చింతపండునకు తీసిపోదు.

మా మనుమని ప్రశ్నకు జవాబు ఇచ్చటనే ఉన్నది. బేకరీ బన్నులో, కేకుపైన, ఐస్‌క్రీములో, మిఠాయి కిళ్ళీమీద చెర్రీ అని పెట్టునది మన దేశమున చాలవరకు వాక్కాయయే. కాయ ముదరకమునుపే కోసి, ఉప్పునీట నానవైచి, గింజలు తీసి, ఎరిత్రోసిన్ అను ఎఱ్ఱరంగులో ఉడికించి, పలుచని పాకముతో మొదలుపెట్టి దినదినము చిక్కన చేయుచు నెమ్మదిగా చక్కెర పట్టింతురు. ఎరిత్రోసిన్‌నే ఏల ఎన్నుకొందురనగా, పులుపు తగిలినచో అది నీట కరుగక కాయలోనే పేరుకొనును. ప్రక్కనున్న క్రీముకు రంగు అంటదు. ఇందులో మోసమేమియు లేదని వ్యాపారులు చెప్పవచ్చును. అనుమతించిన పరిమాణములో ఆ రంగు చట్టసమ్మతమే. మాకు నొప్పి కలిగించినది రంగు కాదు, పేరు. తాతముత్తాతల నాటినుండి పప్పులో వేసికొన్న కాయను పిల్లలు రోజూ తినుచు, దానిని ఎన్నడును చూడలేదనుకొనుచున్నారు.

ఈ మాటలు వ్రాయుచు మా తప్పును దాచుట న్యాయము కాదు. మొదటి యేడు మేము చెర్రీ షర్బతు చేసినప్పుడు, చక్కెర అంత ఏల అని లీటరు రసమునకు 800 గ్రాములు మాత్రమే వేసితిమి. పండ్రెండవనాటి మధ్యాహ్నము, రేడియోలో వీణ వినుచు కునుకు తీయుచుండగా, వంటింట తుపాకి ప్రేలినట్లయినది. బిరడా అటకపైకెగిరినది, గోడ, పోపులడబ్బా, ఉట్టి ఎఱ్ఱబడినవి. మా శ్రీమతి పలికిన పలుకులు ప్రసారమునకు తగినవి కావు.

కారణము పిదప తెలిసినది. పండ్లతొక్కపై ఉండు ఈస్టు పలుచని పాకములో హాయిగా పెరిగి, చక్కెరను మద్యముగాను బొగ్గుపులుసు గాలిగాను మార్చును. షర్బతు మరల షరాబు అయినదన్నమాట! చక్కెర వంటి కరుగు పదార్థములు నూటికి 65 పాళ్ళకు వచ్చినచో ఈస్టునకు కావలసిన నీరు చిక్కదు. 1955నాటి ఫ్రూట్ ప్రొడక్ట్స్ ఆర్డరు ఫలరసపు సిరపులకు ఈ 65 పాళ్ళను, కనీసము 25 పాళ్ళ పండ్లరసమును విధించినది. చెర్రీరసములో సహజముగ నుండు చక్కెరను లెక్కవేసినచో, లీటరు రసమునకు సుమారు కిలో 600 గ్రాములు కావలెను. మేము వేసినదానికి రెట్టింపు.

ఇప్పుడు మేము చేయు విధము చెప్పెదము. కిలో పండ్లను కడిగి, తొడిమలు, గింజలు తీసి, పావులీటరు నీటితో కళాయి పూసిన గిన్నెలోనో స్టీలు గిన్నెలోనో సన్నని సెగపై పావుగంట మగ్గనీయవలెను. గింజలను నలుగగొట్టరాదు, అందు విషమునకు మూలమగు పదార్థము కలదు. పలుచని గుడ్డలో వడకట్టి, పిండక కారనిచ్చినచో రసము తేటగా నుండును. పైలెక్కన చక్కెర కలిపి కరుగువరకు మాత్రమే కాచి, రెండు నిమ్మకాయల రసము పిండవలెను. కాశ్మీరపు తీపి చెర్రీకి పులుపు చాలదు. మరగబెట్టిన సీసాలలో వేడిగానే పోయవలెను. అంగడివారు వేయు గంధకపు పొడి, అనగా పొటాషియం మెటాబైసల్ఫైటు, ఎఱ్ఱపండ్ల రంగును వెలవెలబోజేయును. అందుచే ఎఱ్ఱని రసములకు వారు సోడియం బెంజోయేటు వాడుదురు. ఇంట చల్లనిపెట్టె ఉన్నవారికి ఏదియు అవసరము లేదు.

ఆ యేడు తొలకరి వచ్చిన పిదప వాక్కాయలను తెప్పించి అదే పద్ధతిని చేసితిమి. పండి నల్లబారిన కాయలనే ఏరితిమి. వాక్కాయలో పెక్టిను మెండు; మొదటిసారి సెగ ఎక్కువై రసము జెల్లీవలె పేరుకొన్నది, అది రొట్టెకు పనికివచ్చినది. రెండవసారి ఏ రంగును కలుపకుండగనే మాణిక్యపు రంగు షర్బతు దిగినది. గ్లాసెడు చల్లనీటిలో రెండు చెంచాలు కలిపి మనుమనికిచ్చితిమి. గుటక వేసి, కన్ను చికిలించి, మరల చేయి చాచినాడు. రెండు సీసాలకును చీటీలు అంటించు పని వానిదే. ఒకదానిపై ‘చెర్రీ’ అని తిన్నగా వ్రాసినాడు. రెండవదానిపై ‘వాకాయ’ అని వ్రాసి, మేము చూచుచుండుటచే నాలుక కరచుకొని, క్రింద వత్తు చేర్చినాడు.