కోదండం తరువాత

కోదండం, గోడకుర్చీ, గుంజీళ్ళు, తొడపాశం. పాత తరం తెలుగువారికి ఈ మాటల అర్థం చెప్పనక్కరలేదు. బడిలోని దండనలకు మన భాష ఇన్ని పేర్లు కూర్చుకున్నది. దండన లేకుండా నలభై మంది పిల్లలను పనిలో నిలిపే నేర్పుకు మాత్రం ఒక్క పేరైనా స్థిరపడలేదు. ఈ లోటుకు వెనుక రెండు వందల ఏళ్ళ చరిత్ర ఉన్నది.

మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో రాజధానిలోని బడుల లెక్కలు అడిగినప్పుడు, తెలుగు వ్యాకరణం రాసిన ఎ.డి. కాంప్‌బెల్ బళ్ళారి కలెక్టరుగా 1823 ఆగస్టులో ఒక నివేదిక పంపాడు. నేటి అనంతపురం ప్రాంతమూ అప్పుడు ఆ జిల్లాలోనిదే. ఉదయం అందరికంటె ముందు బడికి వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారట. రెండవవాడికి సున్న. మూడవవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగవవాడికి రెండు, ఆ పైన వచ్చినవారికి వరుసగా ఒక్కొక్కటి ఎక్కువ. సోమరిని కొట్టడమే కాక, చేతులు కట్టి కప్పుకు వేలాడదీయడమూ, ఆగకుండా కూర్చుని లేపించడమూ ఉండేవి. మన కోదండమూ గుంజీళ్ళూ ఇవే.

అయితే అదే నివేదికలో కాంప్‌బెల్ మరొక పద్ధతిని మెచ్చుకున్నాడు. పెద్ద పిల్లలు చిన్నవారికి చదువు చెప్పడం ఇంగ్లండు అనుకరించదగినదే అన్నాడు. అప్పటికే అది జరిగింది కూడా. మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర ఆశ్రమాన్ని నడిపిన ఆండ్రూ బెల్, ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దే నాటుబడిని చూసి, పిల్లలే పిల్లలకు నేర్పే ఏర్పాటు చేసుకుని, 1797లో దానిని గురించి లండనులో పుస్తకం అచ్చువేశాడు. చేతిలో పని ఉన్న పిల్లవాడు అల్లరికి దిగడన్నది అందులోని కీలకం. ఆ కీలకం సముద్రం దాటింది, బెత్తం ఇక్కడే మిగిలింది.

1856లో మద్రాసులో ప్రభుత్వ నార్మల్ స్కూలు వెలసి ఉపాధ్యాయ శిక్షణ మొదలైన తరువాత కూడా బెత్తం బల్లమీద నుంచి కదలలేదు. గుజరాతీ విద్యావేత్త గిజుభాయి బధేకా 1930ల తొలినాళ్ళలో రాసిన, తెలుగులో 'పగటికల'గా వచ్చిన పుస్తకంలో కొత్త మాస్టారు మొదటిరోజు మౌనం పాటించే ఆట ఆడించబోయి పూర్తిగా విఫలుడౌతాడు. మరునాడు కథ మొదలుపెట్టగానే తరగతి నిశ్శబ్దమౌతుంది. మంచి ఉద్దేశం వేరు, తరగతిని నడిపే విద్య వేరు అని ఇంతకంటె తేటగా చెప్పిన పుస్తకం అరుదు.

మన రాష్ట్రంలో ఈ విద్యను పెద్దయెత్తున నేర్పే ప్రయత్నం 1980లలో బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో వచ్చిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం. చేస్తూ నేర్చుకోవడం, వ్యక్తిగతంగానూ జట్లుగానూ తరగతి మొత్తంగానూ పని చేయించడం, పిల్లల మధ్య తేడాలను గుర్తించడం, పరిసరాలను వాడుకోవడం వంటి ఆరు సూత్రాలు దానివి. ఉపాధ్యాయులు కేంద్రాలలో కలుసుకుని తమ అనుభవాలు పంచుకునేవారు. జట్లుగా కూర్చున్న పిల్లలు మాట్లాడక మానరు. ఆ సందడిలో ఏది చదువు, ఏది అల్లరి అని పోల్చుకోవడమే ఉపాధ్యాయుడికి అసలైన పరీక్ష. పథకం 1996లో ముగిసింది.

2002లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడులలో శారీరక దండనను నిషేధించింది. 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షను మానసిక వేధింపునూ నిషేధించింది. చట్టం చేతిలోని బెత్తాన్ని తీసుకున్నది, సరే. ఆ చేతికి మరేమిచ్చాము?

గోపన్‌పల్లిని చూడండి. ఒకవైపు హైదరాబాదు విశ్వవిద్యాలయం, మరొకవైపు ఐటీ సౌధాలు, నడుమ పాత ఊరూ తండా. ఇలాంటిచోట ఒకే గదిలో తెలుగు, లంబాడీ, ఉర్దూ, వలస కూలీల భాషలు కలిసి కూర్చోవచ్చు. ఉపాధ్యాయుని మాటే అర్థంకాని పిల్లవాడి చూపు పక్కకు పోతే అది అవిధేయత కాదు. గంట మొదట్లో ఏమి చేయాలో రోజూ ఒకే తీరున తెలియజేయడం, కేకకు బదులు ఒక సైగ అలవాటు చేయడం, అల్లరివాడి పక్కకు వెళ్ళి మెల్లగా చెప్పడం, చేసిన మంచి పనిని పేరుపెట్టి గుర్తించడం: ఇవి చిన్న సంగతులే. కానీ ఉపన్యాసం విని నేర్చుకునేవి కావు. ఈత మాదిరిగా, అనుభవజ్ఞుడు పక్కన ఉండగా నీటిలో దిగి నేర్వవలసినవి. ఆ అవకాశం దొరకని ఉపాధ్యాయుడు పాత నిఘంటువునే తిరగేస్తాడు; దానికి మూల్యం చెల్లించేది పిల్లవాడు.

సరస్వతి పేరు రాయించుకున్న ఆ మొదటి అరచేయి మన సంప్రదాయమే, చివరివాడి దెబ్బలూ మన సంప్రదాయమే. వీటిలో దేనిని వారసత్వంగా తీసుకోవాలో నిర్ణయించుకునే హక్కు మనకున్నది. మీ ఊరి బడిలో దండనలకు ఏయే పేర్లుండేవో, దెబ్బ వేయకుండానే తరగతిని నిలిపిన మాస్టారెవరైనా ఉంటే వారేమి చేసేవారో మిత్రులు చెబితే వినాలని ఉన్నది.