హైదరాబాద్ పేరు మోసిన బాంబర్ దళం, దాని పైలట్ డోరన్

మేడ్చల్, శామీర్‌పేట మీదుగా రోజూ హకీంపేట, దుండిగల్ వైమానిక స్థావరాల శిక్షణ విమానాలు తిరుగుతుంటాయి. అయినా నేను స్థిరపడిన ఈ బ్రిటన్‌లో ‘హైదరాబాద్’ పేరు మోసిన బాంబర్ దళం ఒకటి ఉండేదని ఆ ఊళ్లలో చాలామందికి తెలియదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కానుకగా ఇచ్చిన డీహెచ్-9ఏ విమానాలతో 110వ స్క్వాడ్రన్‌కు ఆ పేరు వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ చేసిన తొలి బాంబుదాడికి నాయకత్వం వహించింది ఆ స్క్వాడ్రన్ పైలట్ కెన్నెత్ డోరన్. అతను మన మెప్పుకు కూడా అర్హుడని నా వాదన.

1939 సెప్టెంబర్ 3న బ్రిటన్ యుద్ధం ప్రకటించింది. మర్నాడే పదిహేను బ్లెన్‌హైమ్ విమానాలు జర్మన్ యుద్ధనౌకల మీదికి బయల్దేరాయి. వాటిలో విల్‌హెల్మ్స్‌హావెన్ రేవుకు చేరి దాడి చేసినవి పదే. మబ్బులు బాగా కిందికి దిగి ఉండటంతో, ఫిరంగులు మోహరించిన ఓడల మీదికి అతి తక్కువ ఎత్తులోనే దూసుకెళ్లాల్సి వచ్చింది. తమ బాంబు తమ విమానాన్నే కూల్చకుండా, పడిన పదకొండు సెకన్లకు పేలేలా అమర్చుకున్నారు. అడ్మిరల్ షీర్ నౌకకు బాంబులు తగిలాయి గానీ పేలలేదు. పది విమానాల్లో అయిదు తిరిగి రాలేదు. ఫలితం లేని దాడిని పొగడటం ఎందుకని అడగవచ్చు. నిజమే, సైనికంగా అది వైఫల్యం. కానీ అలాంటి బాంబులిచ్చి పంపింది డోరన్ కాదు. సగం మంది పోయే పని ఎలాంటిదో కళ్లారా చూశాక కూడా అతను బాంబర్ నడపడం మానలేదు. డీఎఫ్‌సీ (డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్) పతకం వచ్చాకా ఎగిరాడు. 1940 ఏప్రిల్ 30న నార్వే దాడిలో విమానం కూలి జర్మన్లకు చిక్కి, యుద్ధం ముగిసేదాకా ఖైదీగా ఉన్నాడు. ప్రమాదం తెలియక తెగించడం వేరు, తెలిసీ మళ్లీ వెళ్లడం వేరు. నేను మెచ్చేది ఆ రెండోదాన్ని.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం ఇంకోటి ఉంది. బాంబర్లంటే జర్మన్ నగరాలు హాంబర్గ్, డ్రెస్డెన్ గుర్తొస్తాయి, కాలిపోయిన పౌరులు గుర్తొస్తారు. బ్రిటన్‌కు కూడా ఈ మథనం తప్పలేదు. ఆ యుద్ధంలో బ్రిటన్ వైమానిక దళపు బాంబర్ కమాండ్‌లో 55,573 మంది చనిపోయినా, లండన్‌లో వాళ్లకు స్మారకం 2012లో గానీ వెలియలేదు. అయితే డోరన్ బృందానికి ఆ రోజున్న ఆదేశం పౌరులకు హాని కలగకూడదన్నది. వాళ్లు గురిపెట్టింది యుద్ధనౌకలకే. తర్వాత నగరాల మీద బాంబులేసిన విధానపు పాపాన్ని అతని నెత్తిన రుద్దడం అన్యాయం.

ఇక మన వైపు అభ్యంతరం: నిజాం కానుక వెనకున్నది ఎవరి సొమ్ము? హైదరాబాద్ చుట్టూ ఉన్న అత్రాఫ్ బల్దా జిల్లా నిజాం సొంత ఇలాకా, సర్ఫేఖాస్. అక్కడి రైతుల శిస్తు నేరుగా ఆయన ఖజానాకే చేరేది. సామ్రాజ్యం చేసే యుద్ధానికి విమానాలు కొనాలా అని ఆ రైతులను ఎవరూ అడగలేదు. ఆ కానుకను నేను మెచ్చను. కానీ కానుక ఇచ్చినవాడి లెక్క వేరు, పైలట్ లెక్క వేరు. మేడ్చల్, శామీర్‌పేట బడుల్లో చరిత్ర చెప్పే ఉపాధ్యాయులకు నా విన్నపం ఒక్కటే: రైతు కట్టిన శిస్తు గురించీ, డోరన్ తెగువ గురించీ, రెండూ కలిపి చెప్పండి.