సమత (గిరిజన హక్కుల సంస్థ)

సమత విశాఖపట్నం కేంద్రంగా తూర్పు కనుమల గిరిజన ప్రాంతాల్లో పనిచేస్తున్న స్వచ్ఛంద సంస్థ. 1990లో రిజిస్టరైంది. రవి రెబ్బాప్రగడ దీని వ్యవస్థాపకుడు. అరకు వెళ్లే దారిలో ఉన్న అనంతగిరి మండలంలో, బొర్రా గుహల చుట్టుపక్కల గ్రామాల్లో ఇచ్చిన గనుల లీజులపై ఈ సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1997 జూలై 11న తీర్పు చెప్పింది. 'సమత తీర్పు' అంటే మన్యంలోనే కాదు, ఒడిశా, జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ గిరిజన ప్రాంతాల్లోనూ తెలుసు. షెడ్యూల్డ్ ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వరాదన్నది ఆ తీర్పు సారం.

చట్టం నేపథ్యం

ఈ కేసులో వాదించిన హక్కు కొత్తగా పుట్టింది కాదు. మన్యం తిరుగుబాట్లు బ్రిటిష్ ప్రభుత్వానికి నేర్పిన పాఠాల నుంచే ఏజెన్సీ చట్టాలు వచ్చాయి. 1839లో గంజాం, విశాఖ కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి కలెక్టరుకు ఏజెంటు హోదాలో అప్పగించారు. 1879 నాటి రంప పితూరీ తర్వాత కూడా షావుకార్ల అప్పులకు భూములు చేతులు మారడం ఆగలేదు. అందుకే 1917లో ఏజెన్సీ భూముల బదలాయింపు చట్టం తెచ్చి, గిరిజనుడి భూమి బయటివారికి వెళ్లాలంటే ఏజెంటు అనుమతి తప్పనిసరి చేశారు. స్వాతంత్ర్యం తర్వాత రాజ్యాంగం అయిదో షెడ్యూలు కింద 1959లో మొదటి రెగ్యులేషన్ వచ్చింది. దానికి 1970లో చేసిన సవరణనే జనం '1/70 చట్టం' అంటారు.

1/70లో రెండు మాటలు కీలకం. ఏజెన్సీలో స్థిరాస్తిని ఏ వ్యక్తి అయినా, గిరిజనుడైనా గిరిజనేతరుడైనా, గిరిజనుడికి గానీ, కేవలం గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికి గానీ తప్ప మరెవరికి బదలాయించినా చెల్లదు. గిరిజనేతరుడి స్వాధీనంలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే చట్టం భావిస్తుంది. కాదని రుజువు చేసుకునే బాధ్యత అతనిదే. సుప్రీంకోర్టు 1988లో పి. రామిరెడ్డి కేసులో ఈ చట్టాన్ని సమర్థించింది.

చట్టం ఇంత గట్టిదైనా ఒక సందు మిగిలిపోయింది. కొండల మీద సర్వే, సెటిల్మెంటు ఆలస్యంగా, అరకొరగా జరిగాయి. తాతల నాటి నుంచి దున్నుతున్న మెట్టకూ, పోడు చేసుకుంటున్న కొండవాలుకూ పట్టా లేదు. రికార్డులో అది ప్రభుత్వ భూమి, లేదా రిజర్వు అడవి. ఒక గిరిజనుడు మైదానం వాడికి ఎకరం అమ్మితే చెల్లదు గానీ, అదే ఊరి చుట్టూ ఉన్న కొండను ప్రభుత్వం కంపెనీకి లీజుకిస్తే చెల్లుతుందన్నది అధికారుల లెక్క.

బొర్రా కేసు

బొర్రా పంచాయతీ పరిధిలోని 14 గ్రామాలు షెడ్యూల్డ్ ప్రాంతంలోనివి. ఇక్కడి సున్నపురాయి కొండల్లో కాల్సైట్, మైకా వంటి ఖనిజాలున్నాయి. ప్రభుత్వం పలువురు గిరిజనేతరులకు ఇక్కడ లీజులిచ్చింది. వాటిలో పేరు మోసింది నిమ్మలపాడు వద్ద బిర్లా పెరిక్లేజ్ కంపెనీకి ఇచ్చిన లీజు.

గోస్తనీ నది బొర్రా గుహల గుండా పారి కిందికి దిగి తాటిపూడి జలాశయాన్ని నింపుతుంది. విశాఖ నగరానికి తాగునీరిచ్చే జలాశయాల్లో అదొకటి. బొర్రాలో కొండ తవ్వితే నష్టపోయేది ఆ 14 గ్రామాలే అనుకునే నగరవాసులు ఈ నీటి దారిని ఒక్కసారి గుర్తు తెచ్చుకోవాలి.

గ్రామస్థుల పక్షాన సమత 1993లో హైకోర్టుకు వెళ్లింది. రెగ్యులేషన్‌లోని 'వ్యక్తి' అన్న మాటలో ప్రభుత్వం రాదని, కనుక ప్రభుత్వ భూమి లీజులకు నిషేధం లేదని 1995లో హైకోర్టు పిటిషన్ కొట్టేసింది. సమత సుప్రీంకోర్టుకు వెళ్లింది.

జస్టిస్ కె. రామస్వామి, జస్టిస్ ఎస్. సఘీర్ అహ్మద్, జస్టిస్ జి.బి. పట్నాయక్‌ల ధర్మాసనం కేసు విన్నది. మొదటి ఇద్దరు గ్రామస్థుల పక్షాన, జస్టిస్ పట్నాయక్ భిన్నాభిప్రాయంతో తీర్పులు రాశారు. కేసంతా ఆ ఒక్క 'వ్యక్తి' చుట్టూనే తిరిగింది. ఆ మాటలో ప్రభుత్వమూ వస్తుందని మెజారిటీ తేల్చింది. ఏజెన్సీ భూమిని గిరిజనుల చేతుల్లో నిలపడమే అయిదో షెడ్యూలు ఉద్దేశమైనప్పుడు, ఆ పనికి పూనుకున్న ప్రభుత్వమే భూమిని దాటించేందుకు వీలుండదన్నది వారి తర్కం. చట్టం రాసిన చేతినే చట్టానికి కట్టేసిన ఈ వాక్యమే తీర్పుకు ప్రాణమని నా అభిప్రాయం.

లీజులు చెల్లవని చెప్పి కోర్టు ఊరుకోలేదు. గనులు తవ్వదలిస్తే ప్రభుత్వ ఖనిజాభివృద్ధి సంస్థ గానీ, గిరిజన సహకార సంఘాలు గానీ తవ్వవచ్చంది. అదీ అటవీ సంరక్షణ, పర్యావరణ చట్టాలకు లోబడే. నికర లాభంలో కనీసం 20 శాతం శాశ్వత నిధిగా పక్కన పెట్టి ఆ ప్రాంతంలో నీటి వసతి, బడి, ఆసుపత్రి, పారిశుద్ధ్యం, రోడ్లకు ఖర్చు చేయాలంది. ఇలాంటి చట్టాలు లేని రాష్ట్రాలు కూడా ఏం చేయాలో ఆలోచించేందుకు ముఖ్యమంత్రుల సమావేశం జరపాలని సూచించింది.

తీర్పును మార్చే ప్రయత్నాలు

తీర్పు వచ్చిన నాటి నుంచే దాన్ని తప్పించుకునే దారులు వెతికారు. రాష్ట్ర, కేంద్ర ప్రభుత్వాలు సవరణ కోరుతూ వేసిన పిటిషన్లను సుప్రీంకోర్టు 2000లో తోసిపుచ్చింది. అదే ఏడాది జూలైలో కేంద్ర గనుల శాఖ, తీర్పును దాటడానికి అయిదో షెడ్యూలునే సవరించాలని ఒక రహస్య నోటు సిద్ధం చేసింది. అది బయటకు పొక్కడంతో దేశవ్యాప్తంగా ఆందోళన రేగి, సవరణ ముందుకు సాగలేదు. గనుల బాధిత సంఘాలను కలిపిన 'మైన్స్, మినరల్స్ అండ్ పీపుల్' వేదిక నిర్మాణంలో సమతదే ముఖ్యపాత్ర. కోర్టులో గెలిచిన వెంటనే దావా కాగితాలు మూటగట్టి ఇంటికి వెళ్లిపోకపోవడం ఈ సంస్థ చేసిన మంచి పనుల్లో ఒకటి.

2001 డిసెంబరులో బాల్కో (భారత్ అల్యూమినియం కంపెనీ) ప్రైవేటీకరణ కేసులో సుప్రీంకోర్టే సమత తీర్పుపై సందేహాలు వ్యక్తం చేసింది. మధ్యప్రదేశ్ భూ చట్టంలో 1/70 వంటి సంపూర్ణ నిషేధం లేదంటూ ఆ తీర్పు తమ కేసుకు వర్తించదంది. దీంతో సమత తీర్పు బలం ఆయా రాష్ట్రాల చట్టాల మీద ఆధారపడిపోయింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు 1/70 ఎంత విలువైనదో ఇక్కడ తెలుస్తుంది.

బాక్సైట్ వివాదం

తీర్పుకు అసలు పరీక్ష బాక్సైట్ రూపంలో వచ్చింది. గాలికొండ, రక్తకొండ, జెర్రెల వంటి కొండల తలలపై బాక్సైట్ పొర ఉంది. వాన నీటిని పీల్చుకుని ఏడాది పొడవునా ఊటలుగా వదిలేది ఆ పొరేనని, కొండ కింద ఊటగెడ్డలు, వరి మడులు, కాఫీ తోటలు దాని మీదే ఆధారపడ్డాయని గిరిజనుల వాదన. 2005లో ఎస్.కోట ప్రాంతంలో అల్యూమినా శుద్ధి కర్మాగారం కోసం జిందాల్ సంస్థతో, తర్వాత మాకవరపాలెం వద్ద అన్‌రాక్ కర్మాగారం కోసం రస్ అల్ ఖైమా భాగస్వామ్యంతో ఒప్పందాలు కుదిరాయి. కొండ తవ్వేది రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ, ఖనిజం వెళ్లేది ప్రైవేటు కర్మాగారానికి. సమత తీర్పు ప్రభుత్వ సంస్థకు వదిలిన వెసులుబాటు ఇలా వాడకంలోకి వచ్చింది. తీర్పు అక్షరాలా పాటించినట్టే ఉంటుంది, ఆత్మ మాత్రం పోతుంది.

గ్రామసభల్లో, పాడేరు, చింతపల్లి, అరకు సంతల్లో వ్యతిరేకత పెరిగింది. కేంద్ర ఇంధన, ఆర్థిక శాఖల్లో కార్యదర్శిగా పనిచేసి విశాఖలో స్థిరపడిన ఇ.ఎ.ఎస్. శర్మ అయిదో షెడ్యూలును, పెసా (షెడ్యూల్డ్ ప్రాంతాలకు పంచాయతీ వ్యవస్థ విస్తరణ) చట్టాన్ని ఉటంకిస్తూ ప్రభుత్వాలకు లేఖ మీద లేఖ రాశారు. ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులపై పోరుకు దింపిన సల్వాజుడుం దళాలను రద్దు చేయించిన 2011 నాటి సుప్రీంకోర్టు కేసులో పిటిషనర్లలో ఆయనా ఒకరు. అప్పటి అరకు ఎంపీ, కేంద్ర గిరిజన వ్యవహారాల మంత్రి కిశోర్ చంద్రదేవ్, లీజులను రద్దు చేయాలని అయిదో షెడ్యూలు అధికారాలను గుర్తు చేస్తూ గవర్నర్‌కు రాశారు. 2015 నవంబరులో జెర్రెల అటవీ భూమిని గనులకు మళ్లిస్తూ జీవో 97 రాగా మన్యం భగ్గుమంది. ప్రభుత్వం దాన్ని పక్కన పెట్టక తప్పలేదు. 2019లో కొత్త ప్రభుత్వం జీవోనూ, బాక్సైట్ లీజులనూ రద్దు చేసింది.

ప్రభావం

1996 నాటి పెసా చట్టం గ్రామసభకు ఇచ్చిన అధికారం, సమత తీర్పు భూమికి ఇచ్చిన రక్షణ కలిసి నడిచాయి. 2013లో నియమగిరి కేసులో సుప్రీంకోర్టు నిర్ణయాన్ని గ్రామసభలకే వదిలింది. ఒడిశాలోని ఆ కొండల్లో జరిగిన 12 గ్రామసభలూ వేదాంత గనిని తిరస్కరించాయి. గని లాభంలో స్థానికుల వాటా అన్న ఆలోచన 2015 గనుల చట్ట సవరణతో జిల్లా ఖనిజ నిధిగా వచ్చింది. అయితే ఆ నిధికి కట్టేది రాయల్టీ ఆధారంగా లెక్కగట్టే మొత్తమే, సమత తీర్పు చెప్పిన నికర లాభంలో 20 శాతం కాదు.

బొర్రా గ్రామాలు ఇప్పుడు పాడేరు కేంద్రంగా 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నాయి. పాత ప్రశ్న అక్కడ తీరలేదు. ఖనిజాభివృద్ధి సంస్థ పేరిట లీజు తీసుకుని, తవ్వే పనిని బయటి కాంట్రాక్టరుకు అప్పగిస్తే అది తీర్పును గౌరవించినట్టు కాదు. గిరిజన సహకార సంఘం పేరు పెట్టి వెనక బినామీ నడిపినా అంతే. ఖనిజం తవ్వక తప్పదనుకుంటే, ముందు ఆ ఊరి గ్రామసభను అడగాలి. అది ఒప్పుకుంటే గనిని ఆ ఊరి సంఘానికే ఇచ్చి, పెట్టుబడి, సాంకేతిక సాయం ప్రభుత్వం అందించాలి. సుప్రీంకోర్టు 1997లోనే ఈ దారి చూపింది, అమలు చేయాల్సింది ప్రభుత్వమే.